ఆగిపోయిందని చెప్పిన ఆట

కొత్త సంవత్సరం సెలవుల్లో పిల్లల్ని బాలే నాట్యానికి తీసుకెళ్ళని ఇల్లు రష్యాలోని పెర్మ్ నగరంలో అరుదు. అయినా యాభై రెండేళ్ళు వచ్చేదాకా రిమ్మ ఆ థియేటరు గడప తొక్కలేదు. రొట్టెల ఫ్యాక్టరీలో పిండి మిషను దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడిన మనిషి. ఈసారి వియ్యపురాలు ఇనెస్సా మధ్యాహ్నం ఆటకి టిక్కెట్లు తెచ్చి, "మనవరాలితో పాటు మీరూ రావాల్సిందే వదినగారూ" అని పట్టుబట్టింది.

కోట్లు అప్పగించే చోట అందరూ వంగి, మంచుకి తడిసిన బూట్లు విప్పి, సంచుల్లోంచి పల్చటి చెప్పులు తీసి తొడుక్కుంటున్నారు. అలా తెచ్చుకోవాలని రిమ్మకి ఎవరు చెప్పారు గనక? ఆమె బూట్లు ఎర్ర తివాచీ మీద అడుగడుక్కీ నల్లటి మరక వేస్తున్నాయి.

"అమ్మమ్మా, నీ బూట్లు కప్పల్లా అరుస్తున్నాయి!" అని ఆరేళ్ళ ఉస్త్యా కిలకిలా నవ్వింది.

పియానో టీచరు ఇనెస్సా ఆ బూట్ల వంక ఒక్కసారే చూసింది. "ఫర్వాలేదులెండి వదినగారూ. దీపాలు ఆర్పేశాక ఎవరు చూస్తారు?"

రిమ్మ చెవులు వేడెక్కాయి. బూట్లు ఎక్కడ దాచుకోవాలో తెలియక కాళ్ళు కుర్చీ కిందకి ముడుచుకుని కూర్చుంది. అటు ఇనెస్సా, మధ్యలో ఉస్త్యా, ఇటు చివర రిమ్మ. ఆమెకి ఇవతల, దారి పక్కన, ఒక్క సీటు ఖాళీగా ఉంది.

దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. తెర లేచింది. తెల్లటి గౌన్లలో అమ్మాయిలు ముని వేళ్ళ మీద, చప్పుడన్నదే లేకుండా, గాలికి కొట్టుకొచ్చిన మంచులా వేదికంతా పరుచుకున్నారు. రిమ్మ తన బూట్ల సంగతే మరిచిపోయింది. ఇంత బాగుంటుందా ఇది!

ఆ వెంటనే అమ్మ గుర్తొచ్చింది.

మూడేళ్ళ కిందట, ఇవే సెలవుల్లో, ఫ్యాక్టరీవాళ్ళు రిమ్మకి రెండు టిక్కెట్లు ఇచ్చారు. ఊళ్ళో మేకలు కాసుకునే అమ్మ ఫ్యోక్లాకి బాలే అంటే పిచ్చి. టీవీలో వస్తే పొయ్యి మీద సూప్ మాడిపోయినా లేచేది కాదు. కబురందగానే బస్సెక్కి వచ్చింది. మోకాళ్ళ దాకా ఉన్ని బూట్లు, తలకి పూల గుడ్డ, ఒంటినిండా మేకల వాసన. నలుగురూ వినేలా మాట్లాడే గొంతు ఒకటి. ఈవిడ్ని పక్కన పెట్టుకుని ఫ్యాక్టరీ వాళ్ళందరి మధ్యా కూర్చోవాలా అనుకుంది రిమ్మ. టిక్కెట్లు ఎవరికో ఇచ్చేసి, "ఆట ఆగిపోయిందమ్మా" అని చెప్పింది.

"అయ్యో, ఆ పిల్లల్లో ఎవరికైనా ఒంట్లో బాలేదో ఏమో పాపం" అంది అమ్మ. మర్నాడే ఊరికి వెళ్ళిపోయింది. ఆ ఏడు ఎండలు ముదరకముందే చనిపోయింది.

రిమ్మ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు వాసన తగిలింది. తడిసిన ఉన్ని... దాని కింద మేకల వాసన.

పక్క సీటు కిర్రుమంది.

రిమ్మ తల తిప్పలేదు. కంటి కొసలో పూల గుడ్డ అంచు కనిపించింది. ఊపిరి వినిపిస్తోంది. మెట్లెక్కి వచ్చిన ముసలిమనిషి ఊపిరి. చలి మాత్రం, తలుపు తెరిచినట్టు, ఆ పక్కనుంచే వస్తోంది.

"ఆట ఆగిపోయిందన్నావుగా తల్లీ..." గుసగుస.

రిమ్మ పళ్ళు బిగించింది. లేదు. ఇది నా మనసు. ఇది నా పాపం, అంతే...

"నాకు కళ్ళు ఆనటం లేదు. ఏం చేస్తున్నారో చెప్పవే."

ముందు వరుసలో ఎవరో వెనక్కి తిరిగి "ష్!" అన్నారు. అంటే వాళ్ళకీ వినిపిస్తోంది. రిమ్మ ఒళ్ళు చల్లబడిపోయింది. దారి వెంట చిన్న టార్చి వెలుతురు వచ్చి ఆగింది. టిక్కెట్లు చూసే ఆవిడ వంగింది.

"ఈ పెద్దావిడ టిక్కెట్టేదండీ? మీతో వచ్చారా?"

వెలుతురు కిందకి జారింది. మోకాళ్ళ దాకా ఉన్ని బూట్లు. వాటి మీద మంచు. కరగటం లేదు.

ఇనెస్సా పిల్ల మీదుగా వంగి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. "ఎవరండీ వదినగారూ? మీ వాళ్ళా?"

చుట్టూ ఉన్న మొహాలన్నీ ఇటే తిరిగాయి. చెప్పొచ్చు. మా అమ్మ అనొచ్చు. ఒక్క మాట. భయం ఎంత ఉందో తెలియదు గానీ, దాన్ని మించి సిగ్గు ముంచుకొచ్చింది. మూడేళ్ళనాటి సిగ్గే. ఇసుమంతైనా తగ్గలేదు.

"కాదు," అంది రిమ్మ. "ఎవరో... నాకు తెలీదు."

పక్కన ఊపిరి ఆగింది.

"అలాగా..." అంది గుసగుస. కోపం లేదు. పొరపాటు పడినందుకు నొచ్చుకున్నట్టుంది. "అయితే నా బిడ్డని నేను వెతుక్కుంటాలే."

సీటు కిర్రుమంది. చల్లటిదేదో ఆమె వేలు పట్టుకుని, లాగి, వదిలింది. రిమ్మ గట్టిగా కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి టార్చి లేదు, మనిషి లేదు. వేదిక మీద తెల్లటి అమ్మాయిలు తిరుగుతూనే ఉన్నారు. ఎందుకో మరి, ఇందాకటి అందమేదీ కనిపించలేదు. ఏడుపు కూడా రాలేదు.

ఆట అయ్యాక చప్పట్లు కొట్టాలని చేతులెత్తింది. చప్పుడు రాలేదో, అందరి చప్పట్లలో కలిసిపోయిందో. కోట్లు తీసుకునే చోట, "ఇందాక వచ్చింది..." అని ఇనెస్సాతో మొదలుపెట్టింది. మా అమ్మ అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇనెస్సా ఆమెని వింతగా చూసి, పిల్ల టోపీ సర్ది, తన ట్రామెక్కి వెళ్ళిపోయింది.

నాలుగున్నరకే చీకటి పడింది. బస్సు స్టాపులో మంచు సన్నగా రాలుతోంది. రిమ్మ చెయ్యి చాచింది. ఉస్త్యా పట్టుకోలేదు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, ఒకడుగు ఎడంగా నిలబడింది.

"చలేస్తోందా బంగారం? ఆట బాగుందా?"

పిల్ల తలెత్తి ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఏడవలేదు, అల్లరి చెయ్యలేదు. కొత్తవాళ్ళతో ఎలా మాట్లాడాలో వాళ్ళమ్మ నేర్పినట్టే, మర్యాదగా అడిగింది.

"మా అమ్మమ్మ ఆ ముసలావిడ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది కదండీ... మళ్ళీ ఎప్పుడొస్తుందో మీకేమైనా తెలుసా?"