యేసురాజు గారి సర్వీసు

రాంగోపాల్‌పేట్‌లో బట్టల కొట్ల వెనక సందులో ఒక రక్తపరీక్షల ల్యాబు ఉంది. ఆ ల్యాబు మెట్ల కింద ఒక గది. ఆ గదికి చెడ్డపేరు ఉంది.

కిటికీ కూడా లేని గది అది. ఏసీ మాత్రం పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటుంది. అది మనుషుల కోసం కాదు, సర్వర్ కోసం. ఊళ్లో ఎవరి రక్తంలో ఏముందో అంతా ఆ సర్వర్ కడుపులోనే ఉంది. నాలుగేళ్ల కిందట దాన్ని చూసుకునే యేసురాజు గారు ఆ గదిలోనే, కుర్చీలోనే, మౌసు మీద చెయ్యి పెట్టుకునే పోయారు. మధ్యాహ్నం పోతే సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు. పని చేసుకుంటున్నారనుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది...

ఆగలేదు. ఆయన పోయాక కూడా రోజూ పొద్దున్నే ఆరింటికి, గదికి తాళం వేసి ఉండగానే, లోపల తెర దానంతట అదే వెలిగేది. దాని మీద ఒక వరుస పడేది — ‘యేసురాజు లోపలికి వచ్చారు.’

తలుపుకున్న గాజు పలకలోంచి చూసినవాళ్లు ఇద్దరు. ఒకతను ఆ వారమే ఉద్యోగం మానేశాడు. రెండో మనిషి ఆయా రాజ్యం. బతికున్నప్పుడు సారు ఆరింటికే వచ్చేవాడు, ఇందులో కొత్తేముందని ఆమె చీపురు పట్టుకుని వెళ్లిపోయింది.

మేనేజరు శాంతికుమార్ సర్వర్ ముందు ప్రార్థన చేయించి సిలువ బొమ్మ అంటించాడు. దసరాకి మిగతావాళ్లు వెనకవైపు కుంకం పెట్టి నిమ్మకాయ కట్టారు. రెంటి మధ్యా సర్వర్ ఎవరి పక్షమూ పట్టకుండా వేడెక్కుతూ ఉండేది.

యేసురాజు గారి పనంతా ఇప్పుడు చేస్తున్నది కన్నబాబు. బొబ్బిలి దగ్గరివాడు. పని ఆయనదే కానీ పోస్టు మాత్రం ఇతనిది కాదు. పదకొండు నెలల కాంట్రాక్టు, ఒక్కరోజు విరామం, మళ్లీ పదకొండు నెలలు. పెళ్లిచూపుల్లో ‘పర్మినెంటు అయిపోతుందండీ’ అన్నాడు. మూడేళ్లయింది. అత్తగారు వీరరాఘవమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ముందు అదే అడుగుతుంది, తర్వాతే కూతురి క్షేమం.

ఆ శనివారం సాయంత్రం శాంతికుమార్ పిలిచి చెప్పాడు. కన్నబాబు పర్మినెంటు ఫైలు బేగంపేట హెడ్డాఫీసులో ఉంది. సర్వర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలి. ఈ రాత్రి అది సవ్యంగా జరిగి, ఆదివారం ఏడింటికి కౌంటర్ తెరుచుకుంటే పర్మినెంటు ఆర్డరు తెప్పించే పూచీ తనది. తెరుచుకోకపోతే... ఆ మాట ఆయన పూర్తి చెయ్యలేదు.

పదింటికి కన్నబాబు ఒక్కడే గదిలోకి వెళ్లాడు.

కొత్త సిస్టమ్ ఎక్కింది. సర్వర్ ఆగింది. మళ్లీ లేచింది. అన్నీ లేచాయి, ల్యాబు రిపోర్టులు నడిపే ‘సర్వీసు’ అనే ప్రోగ్రాము ఒక్కటి తప్ప. మళ్లీ ఆపి లేపాడు. లేవలేదు. ఇంకోసారి. ఒంటిగంట దాటింది. తెర మీద ఎర్ర వరుస పడింది —

‘సర్వీసు మొదలు కాలేదు. యేసురాజు లోపలికి రాలేకపోయారు.’

కన్నబాబు చెయ్యి మౌసు మీదే ఉంది. తను కూర్చున్నది ఎవరి కుర్చీలోనో అప్పుడు గుర్తొచ్చింది. మెల్లగా లేచి నిలబడ్డాడు.

వెనక తలుపు కిర్రుమంది...

రాజ్యం. రాత్రి డ్యూటీ ఆమెదే. చేతిలో టీ గ్లాసు. తెర మీద సారు ఏం రాసిండని అడిగింది. కన్నబాబు చదివాడు. ఆమె గుసగుసగా అంది —

“గట్లనే ఉంటది సారూ. మీరు కొత్త తాళం ఏసిన్రు. పాత తాళంచెవితోని ఆయనెట్ల వస్తడు పాపం?”

నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఎందుకంటే ఆమె చెప్పినదే నిజం.

సర్వీసు వివరాలు తెరిచి చూశాడు. ప్రతి సర్వీసూ ఎవరో ఒకరి పేరు మీద లేవాలి. ఈ మహానుభావుడు బద్ధకించి దీన్ని తన సొంత పేరుతో, తన సొంత పాస్‌వర్డ్‌తో కట్టేశారు. రోజూ ఆరింటికి మిషను ఆగి లేచేలా పెట్టారు. లేచిన ప్రతిసారీ ఆయన పేరే లోపలికి వచ్చేది. నాలుగేళ్లుగా ల్యాబును భయపెట్టిన దెయ్యం ఇంతే. కొత్త సిస్టమ్ వచ్చి పాస్‌వర్డ్ మళ్లీ చెప్పమంది. చెప్పాల్సిన మనిషి మట్టిలో ఉన్నాడు.

కన్నబాబు మేనేజరుకి ఫోన్ చేశాడు. యేసురాజు గారి సర్వీసు మొదలవడం లేదన్నాడు. అవతల నిద్రమత్తు.

“సర్వీసేంటయ్యా? పాస్టరు గారు అప్పుడే చేసేశారుగా. సమాధి దగ్గర నేనే వాక్యం చదివా.”

చర్చి ప్రార్థన సర్వీసు వేరు, ఈ కంప్యూటరు సర్వీసు వేరని బోధపరిచేసరికి పావుగంట పట్టింది. అంతా విని శాంతికుమార్, కార్ఖానా ప్రాంతంలో ఉండే యేసురాజు గారి భార్య మేబెల్ గారిని అడగమన్నాడు. నాలుగింటికే లేచి ప్రార్థన చేసుకుంటుందట.

నాలుగు కొట్టేదాకా కన్నబాబు మెట్ల మీద కూర్చున్నాడు. గదిలో కూర్చోలేదు.

మేబెల్ గారు రెండో రింగుకే ఫోన్ ఎత్తారు. రిటైరైన టీచరమ్మ. అతను చెప్పినదంతా అడ్డు రాకుండా విన్నారు. పాస్‌వర్డ్ తెలియదన్నారు. ఇంట్లో ఏది అడిగినా ఆయన ఆఫీసు సంగతి నీకెందుకు అనేవారట. తర్వాత మెల్లగా అడిగారు...

“అయితే ఈ నాలుగేళ్లూ రోజూ డ్యూటీకి వస్తూనే ఉన్నారా, బాబూ?”

“ఆయన కాదమ్మా. పేరు.”

“ఆ మనిషికి పేరూ పనీ తప్ప ఇంకేముందిలే. ఇక చాలు, ఇంటికి పంపించెయ్.”

కన్నబాబు గదిలోకి వెళ్లి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. యేసురాజు పేరు తీసేసి తన పేరు టైపు చేశాడు. మిషను ఒప్పుకోలేదు. సర్వర్ గది పర్మినెంటు సిబ్బంది జాబితాలో ఉన్నవాళ్లకే ఆ హక్కట. జాబితా తెరిచాడు. నాలుగేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టలేదు. అందులో ఉన్నది ఒకే ఒక్క పేరు, చచ్చిపోయిన ఆయనది.

దాన్ని కొట్టేసి తన పేరు ఎక్కించుకున్నాడు. ఆర్డరు కాగితమేదని మిషను అడగలేదు.

సర్వీసు లేచింది.

ఏడింటికి కౌంటర్ తెరుచుకుంది. పరగడుపున వచ్చినవాళ్లు చొక్కా చేతులు మడిచి వరుస కట్టారు.

సోమవారం శాంతికుమార్ పిలిచాడు. ముఖం పాలిపోయి ఉంది. హెడ్డాఫీసు నుంచి ఫైలు తిరిగొచ్చింది. ఆ పోస్టు ఖాళీ లేదట. అక్కడ మనిషిని చూడరు, కంప్యూటర్లో లాగిన్ పడితే అదే హాజరు. యేసురాజు నాలుగేళ్లుగా రోజూ ఆరింటికి వస్తున్నాడు, ఒక్క సెలవూ పెట్టలేదు. అలాంటి ఉద్యోగిని తీసేసి ఇంకొకరినెందుకు వెయ్యాలని వాళ్ల ప్రశ్న. ఫైలుకి ఒక మెమో కుట్టి ఉంది. యేసురాజు ఆదివారం చెప్పకుండా డ్యూటీకి రాలేదు, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

మెమో చదవగానే కన్నబాబు ప్రాణం లేచొచ్చింది. శాంతికుమార్ కూడా నవ్వాడు. సంజాయిషీ రాకపోతే పోస్టు ఖాళీ అయినట్టే, చచ్చినవాడు రాసేది లేదు కదా అన్నాడు. ఆ రాత్రి మొదటిసారి కన్నబాబే అత్తగారికి ఫోన్ చేశాడు. గురువారం పర్మినెంటు అయిపోతుందన్నాడు. పడుకోబోయే ముందు సర్వర్‌లో యేసురాజు పేరు ఎక్కడైనా మిగిలిందేమోనని రెండుసార్లు వెతికాడు. ఎక్కడా లేదు.

గురువారం హెడ్డాఫీసు కాగితం వచ్చింది. శాంతికుమార్ దాన్ని పైకి చదవలేదు. బల్ల మీద ఇటు తిప్పి పెట్టాడు. దాని పక్కనే ఇంకో కాగితం, పదకొండు నెలలది, సంతకం కోసం.

యేసురాజు సంజాయిషీ అందినది. తృప్తికరంగా ఉన్నది. రాని రోజులకు సెలవు మంజూరు చేయడమైనది. ఉద్యోగి యథావిధిగా కొనసాగవచ్చును.

ఎవరు రాశారు సార్ అని కన్నబాబు అడిగాడు. తను కాదని శాంతికుమార్ బైబిలు మీద చెయ్యి పెట్టాడు. వెళ్లింది మాత్రం మెట్ల కింద మిషను నుంచేనట... వెనక గుచ్చిన సంజాయిషీని వేలితో చూపించాడు. రెండే వరుసలు.

‘ఇంటి దగ్గర పిలిస్తే వెళ్లాను. ఇకమీదట ఇలా జరగనివ్వను.’