నూట నలభై దాటించినవాడు

"నువ్వా!"

డెంటల్ క్లినిక్ ముందు గదిలో ఉన్న పేషెంట్లంతా తలలెత్తారు. రిసెప్షన్ బల్ల వెనక రెనాటా లేచి నిలబడింది. ఎదురుగా ఆరున్నర అడుగుల కుర్రాడు, వాచిన దవడకు ఐసు సంచీ అదుముకుని, ఎవరిని అంటోందా అని వెనక్కి తిరిగి చూశాడు.

"ఎమెట్ లిండ్‌క్విస్ట్ అంటే నువ్వేగా? నిన్న ఆఖరి సెకనులో బంతి విసిరింది నువ్వేగా?"

"నేనేనండీ." అతని ముఖం వెలిగిపోయింది. "చూశారా?"

చూడటమా! షికాగో మొత్తంలో చిన్న కాలేజీల బాస్కెట్‌బాల్‌ను రెనాటా అంత శ్రద్ధగా చూసేవాళ్ళు అరుదు. ఎవరు గెలుస్తారన్నది ఆమెకు పట్టదు. రెండు జట్లూ కలిపి ఎన్ని పాయింట్లు చేస్తాయన్నదే కావాలి. నిన్న ఫోన్‌లోని అంచనాల మార్కెట్‌లో నూట నలభై దాటవన్న వైపు వాటాలు కొంది. దాటకపోతే వాటాకొక డాలరు, దాటితే సున్నా. ఆట ముగియబోతోంది, మొత్తం నూట ముప్పై తొమ్మిది. గెలుపు ఖాయమైన జట్టు మర్యాదగా బంతి పట్టుకుని నిలబడాలి కదా? ఈ మహానుభావుడు కోర్టు మధ్య నుంచి విసిరాడు. మూడు పాయింట్లు! సముద్రం చూడటానికి వెళ్దామని రెనాటా దాచుకున్నదంతా ఊడ్చుకుపోయింది.

"పంతొమ్మిది పాయింట్లు ముందున్నారే! ఇంకా ఎందుకు విసిరినట్టు? ఎవరిని ఉద్ధరించడానికి?"

"ఆ సంబరంలో మావాళ్ళు మీద పడ్డారండీ. ఎవడిదో మోచెయ్యి తగిలి పన్ను విరిగింది."

"బాగా అయింది!"

ఎమెట్ ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"నాలుగేళ్ళుగా బెంచీ మీదే కూర్చున్నాను. నీళ్ళ సీసాలు అందించాను, తువ్వాళ్ళు మడతపెట్టాను. అది నేను వేసిన మొదటి బాస్కెట్. దాని మీద మీరు పందెం కాసుకుంటే నా తప్పా?"

"పందెం కాదు. మార్కెట్. లెక్కలు కట్టి కొంటాం."

"ఓహో. ఇదీ మార్కెట్టేనా?" ఫోన్ బల్ల మీదికి నెట్టాడు.

అతనికొచ్చిన మెసేజ్‌లు రెనాటా చదివింది. కాళ్ళు విరగ్గొడతానని ఒకడు రాశాడు. ఇంటి అడ్రసు దొరికిందని ఇంకొకడు. మరొకడు అతని తల్లి గురించి రాసింది సగం చదివి, ఇక చదవలేకపోయింది. రాత్రి టీవీ మీదికి దిండు విసురుతూ తను అరిచిన తిట్లు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఆ వేడంతా ఇప్పుడు ఫోన్ మీదికి మళ్ళింది.

"ఎవడు వీడు? అసలు మనిషేనా?" అంటూ టకటకా టైప్ చేయసాగింది.

"ఏం రాస్తున్నారండీ?"

"'నేనూ నీ వైపే కొన్నాను, నేనూ పోగొట్టుకున్నాను. తప్పింది మన లెక్క. ఆడేవాడి మీద నోరు పారేసుకుంటావా? ముందు ఆ నోరు కడుక్కో.' చాలా? ఇంకా పెట్టనా?"

ఎమెట్ పగలబడి నవ్వబోయి, "అమ్మో!" అని దవడ పట్టుకున్నాడు.

డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి అతని మూతి సగం మొద్దుబారి ఉంది.

"తనివారం ఆతరి ఆట. వత్తావా?"

"ఏంటీ?"

"వత్తావా? వాతాలు కొనకుందా."

"రాను!" అంది రెనాటా కోపంగా.

శనివారం సన్నగా మంచు కురుస్తుంటే వెళ్ళింది. వాటాలు కొనలేదు. రెండు జట్ల మొత్తం ఎంతయిందో చూడనే లేదు. ఎమెట్ జట్టు ఇరవై పైగా ముందుంది, అయినా అతను బెంచీ మీదే ఉన్నాడు. చూసీ చూసీ ఇక పట్టలేక లేచింది.

"కోచ్ గారూ! ఆ కుర్రాణ్ణి ఆటలోకి దించండి! బెంచీకి మేకులు కొట్టారా ఏంటి?"

పక్క కుర్చీలోని ముసలావిడ కూడా లేచి గొంతు కలిపింది. కోచ్ వెనక్కి తిరిగి చూడలేదు. ఆట అయిపోయింది.

చెమట పట్టని జెర్సీతోనే ఎమెట్ నేరుగా వాళ్ళ దగ్గరికి వచ్చాడు.

"ఒక్క నిమిషం కూడా దించలేదు!" రెనాటా కోచ్ వైపు వేలు చూపింది. "ఆయనకు కళ్ళున్నాయా?"

"నేను ఆట చూడలేదు రెనాటా. నిన్నే చూస్తున్నా. నాకోసం ఒకమ్మాయి అంతలా మండిపడుతుంటే... నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"నాకూ ఇష్టమే. కానీ ఉండు, ఇంకా కోపం తగ్గలేదు."

ముసలావిడ రెనాటా చెయ్యి పట్టుకుంది. "నేను వీడి నానమ్మని. నాలుగేళ్ళూ ఒక్కదాన్నే అరిచానమ్మాయ్. ఇప్పుడు ఇద్దరమయ్యాం. పద, ఆ కోచ్ ఎటు పోతాడో చూద్దాం!"