ఇంకుకి అందని నీలం

కుర్చీ ఖాళీగా ఉంది. కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది.

తెర మీద సగం తయారైన క్యాలెండర్ పేజీ. కీబోర్డు పక్కన మూత పెట్టని పెన్ను. కుర్చీ వీపుకి ఆనించి ఒక బుల్లి దిండు. దాని మీద దారంతో కుట్టిన రెండు పిచ్చుకలు. కుట్టు కాస్త వంకరే. పిచ్చుకలు మాత్రం మహా కులాసాగా ఉన్నాయి.

కొత్త కాపురం మనిషి చేతిపని, అనుకుంది ఎస్సై.

ఉదయం ఎనిమిది గంటలు. ఈ ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైనర్‌గా పనిచేసే అమ్మాయి నిన్న సాయంత్రం నుంచి కనిపించడం లేదు. పెళ్ళై రెండో నెల. రాత్రి భర్త స్టేషన్‌కి వచ్చి కంప్లయింట్ ఇచ్చాడు. ఫోన్ స్విచాఫ్. చివరి సిగ్నల్ ఈ వీధిలోనే, 6.34కి.

ప్రెస్ యజమాని గొంతు చించుకుని మాట్లాడుతున్నాడు. తప్పదు మరి. అద్దాల గోడకి అవతల హాల్లో మెషిన్ నడుస్తోంది. అర్జెంటు ఆర్డరట, రాత్రంతా ఆపలేదట. ఆ మోతకి బల్ల మీద పెన్ను కూడా వణుకుతోంది.

ఆయన చెప్పింది ఇది. నిన్న ఆరున్నరకి ఆమె బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. రాత్రి తొమ్మిదికి భర్త ఫోన్ చేస్తే తనే అతనికి ధైర్యం చెప్పాడు. ఫోటో తెప్పించుకున్నాడు. కనిపించడం లేదని కరపత్రాలు ఉచితంగా వేయిస్తున్నాడు. ప్రెస్‌లో అందరూ ఆమెని రంగులమ్మ అంటారు. రంగుల దగ్గర రాజీ పడదు.

"మా ఇంటిపిల్ల లాంటిది మేడం," అన్నాడు కళ్ళు ఒత్తుకుంటూ.

"కరపత్రాలు పంచడం మొదలుపెట్టారా?"

"మీరు చూడకుండానా? ఒక్క కాగితం గడప దాటలేదు. ఇంకు ఆరగానే కట్టలు కట్టి పదింటికల్లా నేనే తెస్తాను."

ఎస్సై హాలంతా ఒకసారి తిరిగింది. గోడల పొడుగునా తలెత్తు కాగితం కట్టలు. మెషిన్ పక్కన నిలబడితే తన మాట తనకే వినిపించలేదు. బయటికొచ్చి జీపెక్కింది.

8.40కి స్టేషన్‌లో సాక్షి సిద్ధంగా ఉన్నాడు.

టాక్సీ డ్రైవర్. నలభై ఏళ్ళుంటాయి. ఎవరూ పిలవకుండానే వచ్చాడు. నిన్న ఆరున్నరకి ప్రెస్ ముందు ఆమె తన టాక్సీ ఎక్కిందన్నాడు. ఏడింటికి ఆమె ఇంటి వీధి మలుపులో దింపాడు. అక్కడ తెల్ల చొక్కా, కళ్ళజోడు మనిషి ఒకడు కాచుకుని ఉన్నాడు. ఆమె దిగగానే చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయాడు.

ఎస్సై ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి దూసుకెళ్ళాయి.

"ఆమె ఎలా ఉంటుంది?"

"చామనఛాయ. గుండ్రటి మొహం. ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ."

"బట్టలు?"

"వంకాయరంగు డ్రెస్సు."

"చీకటి పడలేదా?"

"ఎండ ఇంకా ఉంది మేడం. నిగనిగలాడే వంకాయ. మర్చిపోయే రంగా అది?"

"తప్పిపోయిందని మీకెవరు చెప్పారు?"

"మా స్టాండులో అనుకుంటున్నారు."

"ఫోటో ఏమైనా చూశారా?"

"ఎందుకు? కళ్ళారా మనిషినే చూసినవాణ్ణి."

అవతల బెంచీ మీద భర్త ఇదంతా వింటున్నాడు. తెల్ల చొక్కా. కళ్ళజోడు. రాత్రంతా అదే బెంచీ మీద కూర్చున్నాడు. అతని పక్కన ఆమె అన్నయ్య. తెల్లవారుజామున బస్సు దిగి నేరుగా వచ్చాడు. అంతవరకూ బావ భుజం మీద చెయ్యేసి ఓదారుస్తున్నవాడు ఆ చెయ్యి మెల్లగా తీసేశాడు.

"మా చెల్లిని ఏం చేశావ్ బావా?"

గొంతు పెంచలేదు. జవాబు వచ్చేలోపే చెంప మీద ఒక్కటిచ్చాడు. కళ్ళజోడు ఎగిరి నేల మీద పడింది. ఒక అద్దం పగిలింది. కానిస్టేబుల్ వచ్చి ఇద్దరినీ విడదీశాడు.

భర్త కథ మూడు ముక్కల్లో అయిపోతుంది. సాయంత్రం ఇంటికి వచ్చాడు. ఇద్దరికీ వంట చేశాడు. ఆమె రాలేదు. ఏడింటికి అతను ఇంట్లోనే ఉన్నాడని చెప్పడానికి మనిషి లేడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతను నిజం చెబుతున్నా అతకడం లేదు.

తొమ్మిదిన్నరకి పైఅధికారి ఫోన్ చేశాడు. కంటిసాక్షి ఉన్నాక ఇంకా నాన్చడం దేనికన్నాడు. భర్తని సెల్‌లో వేశారు. వాళ్ళింటి వెనక కాలువలోకి ఈతగాళ్ళని దింపారు. వెతుకులాటంతా అటే మళ్ళింది. ప్రెస్ వైపు ఒక్క పోలీసు లేడు.

సెల్ తలుపు మూసుకుంది. భర్త ఊచలకి నుదురు ఆనించి నిలబడ్డాడు.

"కాలువలో లేదు మేడం. తను ఎక్కడో ఉంది. నన్నిక్కడ పెడితే తనకోసం వెతికేవాళ్ళెవరు?"

పదింటికి, మాట తప్పకుండా, యజమాని కరపత్రాల కట్టలు దింపించి వెళ్ళాడు. కట్టిన తాళ్ళు ఇంకా విప్పలేదు. ఎస్సై ఒక కట్టలోంచి ఒక కాగితం లాగింది. ఇంకు వాసన గుప్పుమంది. గుమ్మంలో నిలబడి నవ్వుతున్న అమ్మాయి. వంకాయరంగు డ్రెస్సు. సాక్షి చెప్పినట్టే.

ఫోటో సరైనదేనా అని అడగడానికి దాన్ని ఊచల్లోంచి లోపలికి ఇచ్చింది. అతను పగిలిన అద్దంలోంచి చూశాడు. ఉన్నట్టుండి నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలో ఏడుపైంది.

"ఇది తను చూస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది మేడం."

"ఎందుకు?"

"రంగు పోయింది. ఆ డ్రెస్సు నీలం."

ఎస్సై ఊచలకి దగ్గరగా జరిగింది.

అతను చెప్పుకొచ్చాడు. రోజూ ఉదయం ఆమె బయల్దేరే ముందు గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడాలి. అతను ఒక ఫోటో తియ్యాలి. పెళ్ళైన మర్నాడు సరదాకి మొదలైంది. జుట్టు దువ్వుకోని రోజు కూడా తప్పించుకోవడానికి లేదు. నిన్నటి డ్రెస్సు అతనే కొన్నాడు. నిన్న ఉదయమే ధర చీటీ కత్తిరించి మొదటిసారి వేసుకుంది. అద్దంలో చూసుకుని, పర్వాలేదు, మా ఆయనకి కళ్ళున్నాయి, అంది.

అతని దగ్గర స్వాధీనం చేసుకున్న ఫోన్ తెప్పించి ఎస్సై ఆ ఫోటో తెరిచింది.

నీలం. కళ్ళు జిగేల్మనే నీలం. పక్కన కరపత్రం పెట్టి చూసింది. అదే నవ్వు, అదే గుమ్మం. డ్రెస్సు మాత్రం వంకాయ.

"ఇలా ఎందుకయింది?"

భర్త కళ్ళు తుడుచుకున్నాడు. ఫోన్ తెర వెలుతురుతో రంగులు చేస్తుందన్నాడు. ప్రెస్ నాలుగు ఇంకులతో చేస్తుంది. ఫోన్ ఫోటోని ప్రింటుకి పనికొచ్చే ఫైలుగా మార్చేటప్పుడు కొన్ని రంగులు ఇంకుకి అందవు. ఇలాంటి నీలం అస్సలు అందదు. ఊరికే మార్చి వదిలేస్తే ఊదాకి తిరిగిపోతుంది. అందుకే ఆమె ఫైలు మార్చిన ప్రతిసారీ కూర్చుని గులాబి ఇంకు తగ్గిస్తుంది. అంత మెరుపు రాకపోయినా నీలం నీలంగానే నిలబడుతుంది.

"నీలం దొంగమొహంది, కాగితం ఎక్కితే వేషం మారుస్తుంది అంటుంది మేడం. భోజనం దగ్గర కూడా మాకివే కబుర్లు."

"మొన్న రాత్రి ఏ కబుర్లు చెప్పింది?"

అతను ఆలోచించాడు. ఎవరో మందుల డబ్బా ప్రింటుకి ఇచ్చారట. కంపెనీవాళ్ళయితే తాము తయారు చేయించిన అసలు ఫైలే పంపుతారు. వీళ్ళు మాత్రం డబ్బాని ఫోన్‌తో ఫోటో తీసి పంపారు. మరకలు తుడిచి, అక్షరాలు మళ్ళీ కూర్చి, ప్రింటు ఫైలుగా మార్చమన్నారు. సొంత డబ్బాకి సొంత బొమ్మ లేకపోవడమేమిటని ఆమె పగలబడి నవ్విందట.

"తర్వాత?"

"తర్వాత నవ్వలేదు. రేపు మా ఓనర్ని అడుగుతాను అంది."

ఎస్సై కానిస్టేబుల్‌ని పిలిచి సెల్ తాళం తీయమంది.

డ్రైవర్ వరండాలో టీ తాగుతున్నాడు. ఎస్సై ఫోన్‌లో ఫోటో చూపించింది. ఈమేనా అని అడిగింది. అతను గ్లాసు పక్కన పెట్టి శ్రద్ధగా చూశాడు.

"మొహం ఈవిడదే. డ్రెస్సు ఇది కాదు."

"ఖాయమేనా? నీలం కాదూ?"

"వంకాయ అని చెప్పానుగా మేడం. నా పిల్లల మీద ఒట్టు."

"పదండి. ఒకచోటికి వెళ్ళొద్దాం."

11.20కి ప్రెస్ యజమాని గదిలో అయిదుగురు ఇరుక్కుని కూర్చున్నారు. యజమాని, డ్రైవర్, భర్త, అన్నయ్య, ఎస్సై. గుమ్మానికి అడ్డంగా కానిస్టేబుల్. అద్దం అవతల మెషిన్ మోత.

కరపత్రం చాలా బాగుందంది ఎస్సై. ఎవరు తయారు చేశారని అడిగింది. యజమాని మొహం వికసించింది. తనేనన్నాడు. మా అమ్మాయి కోసం నిద్ర మానుకుని కూర్చున్నానన్నాడు. ఫోన్ ఫోటో జేపెగ్‌గా వచ్చిందట. దాన్ని నాలుగు ఇంకుల్లోకి మార్చి, టిఫ్ ఫైలుగా సేవ్ చేసి, ప్లేటు తీసి పక్కనున్న చిన్న మెషిన్ ఎక్కించాడట.

"నీలం ఊదా అయిపోయిందే?"

"అది మామూలే మేడం. ప్రెస్‌వాళ్ళం, మాకు అలవాటైపోయింది. పట్టించుకోం."

"రంగులమ్మ పట్టించుకుంటుందిగా?"

ఆయన నవ్వాడు. "ఆ పిల్లది చాదస్తం. గంటసేపు కూర్చుని సరిచేస్తుంది."

"రాత్రి సరిచేయడానికి ఆమె లేదు. అందుకే ఆ డ్రెస్సు ఊదా అయింది." ఎస్సై కరపత్రం బల్ల మీద పరిచింది. "బజార్లో కొన్న డ్రెస్సు నీలం. ఫోన్‌లో నీలం. నిన్నంతా ఆమెని చూసినవాళ్ళకి నీలం. అది ఊదాగా ఉన్నది లోకంలో ఒక్క ఈ కాగితం మీదే. ఉదయం ఎనిమిదికి, ఒక్క కాగితం గడప దాటలేదని మీరే చెప్పారు. 8.40కి ఈయన వచ్చి వంకాయరంగు అన్నాడు. ఫోటో చూడలేదన్నాడు. చూపించింది ఎవరు?"

డ్రైవర్ యజమాని వైపు చూశాడు. ఆ ఒక్క చూపు చాలు.

"ఆమె నా బండి ఎక్కలేదు మేడం," అన్నాడు డ్రైవర్ నేల చూపులు చూస్తూ. తెల్లవారుజామున యజమాని ఇక్కడికి పిలిచి కాగితం చేతిలో పెట్టి, మొహం, బట్టలు బాగా చూసుకోమన్నాడట. ఏం చెప్పాలో వల్లె వేయించాడట. ఇవాళ రాత్రికి మళ్ళీ బండి తెమ్మన్నాడట.

"రాత్రికి ఎందుకు?"

"చెప్పలేదు. డిక్కీ ఖాళీగా ఉంచమన్నాడు."

అన్నయ్య కుర్చీలోంచి లేచాడు. ఎస్సై అతన్ని చేత్తోనే ఆపి, గది తలుపు తెరిచి, మెషిన్ మనిషిని పిలిచింది.

"మెషిన్ ఆపు."

అతను యజమాని మొహం చూశాడు. మధ్యలో ఆపితే ప్లేటు పాడవుతుందనీ, సాయంత్రానికి లోడు వెళ్ళాలనీ యజమాని ఏదో గొణిగాడు. మెషిన్ ఒడిలో పడుతున్నవి మందుల డబ్బా అట్టలు.

"ఆపమన్నాను."

రోలర్లు నెమ్మదించాయి. ఒక మూలుగుతో ఆగాయి. చెవుల్లో దూది పెట్టినట్టయింది.

టక్.

చాలాసేపటికి మళ్ళీ, టక్.

గోడవారన పేర్చిన కాగితం కట్టల వెనక నుంచి. ఉదయం ఎస్సై నిలబడిన చోటికి పది అడుగుల్లో.

అందరికంటే ముందు భర్త ఉరికాడు. వెనకే అన్నయ్య. ఇద్దరూ చెరోవైపు నిలబడి కట్టలు లాగి పారేశారు. వెనక ఒక నల్ల తలుపు. కంప్యూటర్లు రాకముందు ఫిల్ములు కడిగిన చీకటిగది. వెలుతురు చొరబడకుండా తలుపు చుట్టూ రబ్బరు బిగించారు. వెలుతురు చొరబడని చోట గాలి మాత్రం ఏం చొరబడుతుంది? గడియకి కొత్త తాళం. యజమాని జేబులోంచి కానిస్టేబుల్ తాళంచెవి లాగాడు.

ఆమె తలుపుకి ఆనుకునే ఉంది. తెరవగానే బయటికి ఒరిగిపోయింది. పిడికిలి బిగిసి ఉంది, కణుపులు చీరుకుపోయాయి. వెలుతురుకి కళ్ళు తెరవలేకపోయింది. తన తల పట్టుకున్న చేతిని తడిమి, వేళ్ళు ఒక్కొక్కటీ ముట్టుకుంది.

"నువ్వేనా?"

"నేనే."

"ఎంతసేపు కొట్టానో తెలుసా," అంది.

లోడు వెళ్ళాక వదిలేద్దామనుకున్నానని యజమాని వెనక నుంచి అన్నాడు. అతని వైపు ఎవరూ తిరగలేదు. బేడీలు పడిన చప్పుడు మాత్రం వినిపించింది.

అన్నయ్యకి ఏం చేయాలో తోచలేదు. పొద్దున్న కొట్టిన చెంప వైపు చూశాడు, తలొంచుకున్నాడు. "బావా," అన్నాడు.

"కాళ్ళ దగ్గర పట్టుకో బావా," అన్నాడు భర్త. "మెల్లగా."

ఆసుపత్రిలో మధ్యాహ్నానికి ఆమె కళ్ళు తెరిచింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, చేతికి సెలైన్. కళ్ళు తెరిచి మొదట అడిగింది, ఏమైనా తిన్నావా అని. తినలేదని భర్త మొహమే చెప్పింది. ఆమె అన్నయ్యని పిలిచి, ఇద్దరూ వెళ్ళి తినేసి రండి, మొహాలు పీక్కుపోయాయి అంది. ఇద్దరూ కదల్లేదు. ఆఖరికి అన్నయ్యే ఆ గదిలోకే అన్నం పొట్లాలు తెస్తానని పరుగున వెళ్ళాడు.

ఎస్సై స్టేట్‌మెంట్ రాసుకుంటోంది. ఆమె చెప్పిందంతా రెండు పేజీల్లో ముగిసింది. ఆ డబ్బాలు నకిలీ మందులకా అని నిన్న సాయంత్రం అడిగితే, పాత ఫైళ్ళేవో చూపిస్తానని యజమాని చీకటిగదిలోకి తీసుకెళ్ళాడు. ఫోన్ లాక్కుని బయటికొచ్చి గడియ వేశాడు. అంతే. మిగతాదంతా చీకటీ, మెషిన్ చప్పుడూ.

నర్సు వచ్చి సెలైన్ చూసింది. రోగి పడుకోవాలంది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరకి లాగబోయింది.

మంచం మీద ఆమె ఒక్కసారిగా లేచి కూర్చుంది. సూది ఉన్న చెయ్యే తలుపు వైపు చాచింది. భర్త ఆమెని పట్టుకున్నాడు. ఏంకాలేదు, ఏంకాలేదు అంటున్నాడు గానీ అతని చూపూ తలుపు మీదే ఉంది.

ఎస్సై లేచి తన కుర్చీ ఈడ్చుకెళ్ళింది. సరిగ్గా గడప మీద వేసి, తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. తలుపులు మూసి ఉంచాలన్నది ఆసుపత్రి రూలని నర్సు చెప్పింది.

"నాకిక్కడ రాసుకునే పనుందమ్మా," అంది ఎస్సై పేజీ తిప్పుతూ. "లోపల వెలుతురు చాలడం లేదు."

నర్సు మంచం వైపు చూసింది. ఇంకేమీ అనకుండా కుర్చీ పక్కనుంచి ఒదిగి వెళ్ళిపోయింది. కాసేపటికి మంచం మీద ఆమె మళ్ళీ వెనక్కి వాలింది. కారిడార్‌లోంచి వచ్చే పోయే వాళ్ళ మాటలు వింటూ, కళ్ళు మూసుకోవడానికి సాహసించింది.