గోగులంకను ఎవరడిగారు?

గురువారం పొద్దున్న ఏడున్నరకి పర్సిస్ ఒక చేత్తో ఉప్మా కలుపుతూ, ఇంకో చేత్తో ఫోన్‌లో సంఘం వాట్సాప్ గ్రూప్ చూస్తోంది. రాత్రి పడుకునేటప్పటికి నూట పన్నెండు మెసేజ్‌లు ఉంటే ఇప్పుడు రెండు వందలు దాటాయి. అందులో సగం గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు, మిగతా సగం తిట్లు. తిట్లయినా పద్ధతిగానే ఉన్నాయి. అందరి పేర్ల చివరా "గారు" ఉంది.

ప్లేనోలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న గోగులంక వాళ్లంతా కలిసి పదకొండేళ్ల కిందట పెట్టుకున్న సంఘం అది. గోదావరి పాయల మధ్య ఉన్న ఆ లంకకి, రేవులో పంటు ఎక్కి ఏరు దాటితే తప్ప వెళ్లలేం. అంత చిన్న ఊరి నుంచి ముప్పైనాలుగు కుటుంబాలు టెక్సాస్ చేరడం ఒక వింతయితే, వాళ్లంతా ఇన్నేళ్లు ఒకే సంఘంలో ఉండడం అంతకన్నా పెద్ద వింత. ఇద్దరు తెలుగువాళ్లున్న చోట మూడు సంఘాలుంటాయని ఊరికే అనలేదు కదా! ఈ శనివారంతో ఆ లోటు కూడా తీరిపోయేలా ఉంది.

గొడవంతా ఈ ఏడు ఊరికి ఏం చెయ్యాలన్న దాని మీద. ఈ ఏడాది ప్రెసిడెంటు పర్సిస్. అంతకు ముందు ఎనిమిదేళ్లు ఆమె బావగారు, అంటే భర్త ప్రభుదాస్‌కి అన్నయ్య అబ్రహాం, ఆ కుర్చీలో ఉన్నారు. రేవులో దిగగానే కనపడేలా ఒక ఆర్చ్ కట్టించాలనీ, దాని మీద వాళ్లమ్మ పేరు ఉండాలనీ ఆయన కోరిక. హైస్కూల్లో కంప్యూటర్ గదిని ఇంకా పెద్దది చెయ్యాలని పర్సిస్ పట్టుదల. మూడేళ్ల కిందట ఆ గదికి పన్నెండు కంప్యూటర్లు ఇప్పించింది తనే. ఆ స్కూల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన వాళ్ల నాన్న దానియేలు మాస్టారి పేరే ఆ గది గోడ మీద ఉంది.

మూడు వారాల కిందట మీటింగ్‌లో మాటా మాటా పెరిగి, "ఆర్చ్ ఎవరికి అన్నం పెడుతుంది బావగారూ? పేరు కోసం కాకపోతే?" అనేసింది పర్సిస్. సగం మంది చప్పట్లు కొట్టారు. అబ్రహాం ఒక్క మాట కూడా మాట్లాడకుండా లేచి కారెక్కారు. అప్పటి నుంచీ ఆదివారం తెలుగు చర్చి అయ్యాక రెండు కుటుంబాలూ కలిసి భోంచేసే అలవాటు ఆగిపోయింది. ఒకే వీధి, నాలుగిళ్ల దూరం. ఇప్పుడది గోదావరంత వెడల్పయింది.

"మమ్మీ, ఒక క్వశ్చన్," అంది షాలోమ్. పదిహేడేళ్ల ఆ పిల్ల శనివారం మీటింగ్ కోసం తల్లికి స్లైడ్స్ చేసి పెడుతోంది. "ఈ ఫొటోస్‌లో అందరి స్క్రీన్స్ ఎందుకు ఆఫ్ ఉంది?"

"ఎండ పడి అలా కనిపిస్తాయిలే."

"త్రీ ఇయర్స్ కూడా? ఈ కీబోర్డ్ చూడు. ప్లాస్టిక్ కవర్ ఇంకా తియ్యలేదు. లాస్ట్ ఇయర్ ఫొటోలో కూడా సేమ్ కవర్."

పర్సిస్ స్టవ్ ఆపేసి లాప్‌టాప్ దగ్గరికి వచ్చింది. ప్రతి జనవరిలోనూ హెడ్మాస్టరు పద్మనాభం గారు పంపే ఫొటోలవి. పిల్లలు నూనె రాసుకుని నున్నగా తల దువ్వుకుని, కంప్యూటర్ల ముందు బిగుసుకుని కూర్చున్నారు. వెనక సంఘం బ్యానర్. పన్నెండు తెరలూ నల్లగా ఉన్నాయి.

ఆమె ఉద్యోగమే ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. ఈ ఫొటోల్ని మూడేళ్లుగా ఫ్రేము కట్టించుకుని చూసుకుంటోంది గానీ, ఒక్కసారి కూడా ఆ కంటితో చూడలేదు.

"అన్నయ్య మొన్న జనవరిలో ఊరెళ్లొచ్చాడు కదా, ఆయన్ని అడుగు," అన్నాడు ప్రభుదాస్ కాఫీ కప్పులోంచి తలెత్తకుండా. మూడు వారాలుగా అతనిది గోడ మీద పిల్లి వాటం. అన్నయ్యకీ ఫోన్ చేస్తాడు, భార్యకీ తలూపుతాడు.

"నేనెళ్లి అడగాలా?"

"పోనీ నన్నడగమంటావా?"

"మీరడిగితే ఇద్దరికీ కావలసిన జవాబే తెస్తారు," అని విసుక్కుంది పర్సిస్.

మధ్యాహ్నం లంచ్ బ్రేక్‌లో, ఇక ఉండబట్టలేక నాలుగిళ్ల దూరం నడిచింది. పెరట్లో అబ్రహాం పైపుతో మొక్కలు తడుపుతున్నారు. ఆయన భార్య నవోమి గోంగూర కోస్తోంది. తోటికోడల్ని చూసి ఆమె చెయ్యి ఆగింది గానీ మొహం మారలేదు.

"ఏమ్మా ప్రెసిడెంటు గారూ, మూడు వారాలకి గుర్తొచ్చామా?"

"అక్కా, దెప్పడం తర్వాత. బావగారూ, మీరు జనవరిలో స్కూలుకి వెళ్లారు కదా. కంప్యూటర్లు పనిచేస్తున్నాయా?"

అబ్రహాం పైపుని ఇంకో పాదులోకి మార్చారు. "ఇప్పుడెందుకమ్మా అది? శనివారం ఓటింగ్ పెట్టు, ఏది గెలిస్తే అది చేద్దాం."

"పనిచేస్తున్నాయా లేదా?"

"చెప్పండి," అంది నవోమి. ఆయన పాదు వైపు వంగారు. ఆమె చేతిలో గోంగూర బుట్టలో పడేసి లేచి నిలబడింది. "ఈయన చెప్పరు. చచ్చినా చెప్పరు. నేను చెప్తాను విను. మొదటి నెల్లోనే కరెంటు ఎక్కువ తక్కువలై ఐదు కాలిపోయాయి. మిగతావి నేర్పే టీచరు ట్రాన్స్‌ఫర్ అయిపోయింది. గదికి తాళం వేశారు. ఇప్పుడందులో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెడుతున్నారు. జనవరిలో ఫొటోల రోజొస్తే బస్తాలు వరండాలోకి మోసి, గది కడిగి, పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసి, మళ్లీ బస్తాలు లోపల పెడతారు."

"నవోమీ, ఇక చాలు."

"ఏం చాలు? అందరి ముందూ మిమ్మల్ని పేరు కోసం పాకులాడే మనిషని అంటే నోరు మూసుకుని వచ్చేశారు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెబితే ఆ చప్పట్లు ఎటు పోయేవి? ఆ రాత్రి ఈయన అన్నం తినలేదు పర్సిస్!"

పర్సిస్ పెరటి మెట్టు మీద కూలబడింది. "ఎందుకు చెప్పలేదు బావగారూ?"

అబ్రహాం నీళ్ల పంపు కట్టేసి వచ్చారు. "పద్మనాభం రెండు చేతులూ పట్టుకున్నాడమ్మా, చెప్పొద్దని. అతను మీ నాన్నగారి దగ్గర చదువుకున్నవాడే. అయినా నీ మీద గెలవడానికి, పోయిన మీ నాన్నగారి పేరు నలుగుర్లో ఎలా చెడగొట్టను? మా పెళ్లిలో సాక్షి సంతకం పెట్టింది ఆయనే."

పర్సిస్ ఏడ్చింది. దొంగచాటుగా కాదు, చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. నవోమికి కోపం ఎక్కడ పోయిందో ఏమో, పక్కన కూర్చుని కొంగుతో ఆమె మొహం తుడిచింది. "ఊరుకో, ఊరుకో. గోంగూర పట్టుకెళ్లు," అంది. మనవాళ్లకి క్షమించానని చెప్పడం చేతకాదు. కూరగాయలిస్తారు.

శనివారం పార్కులో మీటింగ్. పది గంటలకల్లా ఇడ్లీ ట్రేలు ఖాళీ అయ్యాయి. ఆర్చ్ వాళ్లు ఎడంవైపు బల్లల దగ్గర, కంప్యూటర్ల వాళ్లు కుడివైపు బల్లల దగ్గర, పెళ్లి మాటలకి వచ్చిన రెండు వర్గాల్లా కూర్చున్నారు. ఏ వైపు ఓడినా కొత్త సంఘం పెట్టేస్తారన్నది అందరికీ తెలిసిన రహస్యం. దాని పేరు కూడా ఎవరో అనుకున్నారట.

పర్సిస్ స్లైడ్స్ తియ్యలేదు. లేచి నిలబడి బల్ల పట్టుకుంది.

"నేనిచ్చిన కంప్యూటర్లు పనిచెయ్యట్లేదండి. మూడేళ్లుగా తాళం వేసి ఉన్నాయి. ఫొటోల కోసం ఏడాదికి ఒక్కసారి తీస్తున్నారు. మీ అందరికీ నేను గొప్పగా చూపించినవి ఆ ఫొటోలే. బావగారికి ఇది తెలుసు. తెలిసి కూడా, నేనన్ని మాటలన్నా, నన్ను కాపాడారు. ఆయన్ని ఇక్కడే క్షమించమని అడుగుతున్నాను."

వెనక బల్ల నుంచి పరంధామయ్య గారు మెల్లగా లేచారు. నాలుగేళ్ల కిందట ఊరి ఆడవాళ్లకి ఇరవై కుట్టుమిషన్లు ఇప్పించిన పెద్దమనిషి ఆయన.

"మరి నా కుట్టుమిషన్లో?" అన్నారు, బెంగగా.

ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో రెండువైపులా నవ్వులు లేచాయి. ఆయన మాత్రం నవ్వలేదు పాపం.

"అడుగుదాం," అంది పర్సిస్. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. పద్మనాభం గారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"మాస్టారూ, నేను పర్సిస్‌ని. సంఘం వాళ్లందరూ వింటున్నారు. కంప్యూటర్లు ఎలా ఉన్నాయి?"

"ఆయ్, బంగారంలా ఉన్నాయమ్మా! పిల్లలు వదల్రంటే నమ్మండి."

"నాకు తెలిసిపోయింది మాస్టారూ. బియ్యం బస్తాల సంగతి కూడా. నాకు కోపం లేదు."

లైను కట్టయిందేమోనని పర్సిస్ ఫోన్ చూసుకుంది.

"జనవరి వస్తోందంటే నాకు నిద్ర పట్టేది కాదమ్మా," అన్నారాయన చివరికి. "దానియేలు మాస్టారు నాకు అబద్ధమాడొద్దని నేర్పారు. ఆయన పేరు కిందే నిలబెట్టి పిల్లల చేత అబద్ధం ఆడించాను. అంత దూరం నుంచి ప్రేమగా పంపారు, పనికి రాలేదని ఎలా చెప్పనండీ? ఇచ్చిన చెయ్యిని చిన్నబుచ్చలేం కదా."

"తప్పు మాది మాస్టారూ. ఏం కావాలని మేం ఎప్పుడైనా అడిగామా?"

"లేదమ్మా. ఏం పంపుతున్నారో చెప్పేవారు."

ఎడంవైపు బల్ల దగ్గర అబ్రహాం లేచారు. ఆయన ఏం మాట్లాడినా వినడానికి సిద్ధంగా అందరూ అటు తిరిగారు.

"నన్ను కూడా అడగండి," అన్నారాయన. "ఆర్చ్ కావాలని ఊళ్లో ఎవరడిగారని అడగండి. ఎవరూ అడగలేదు. మా అమ్మ ముప్పై ఏళ్లు ఆ రేవులో కూర్చుని చేపలమ్మి మా ఇద్దర్నీ చదివించింది. అక్కడ ఆమె పేరు కనపడాలని నా కోరిక. పర్సిస్ ఆ రోజు కటువుగా అంది గానీ తప్పనలేదు."

"ఇవాళ ఓటింగ్ వద్దండి," అంది పర్సిస్, కళ్లు తుడుచుకుంటూ. "మాస్టారూ, ఊళ్లో ఏం కావాలో మీరే చెప్పండి."

"నేనొక్కణ్ణే చెబితే మళ్లీ అదే తప్పవుతుందమ్మా. ఒక వారం ఆగండి. ఇంటింటికీ వెళ్లి అడుగుతాను. వాళ్ల మాటల్లోనే మీకు వాయిస్ మెసేజ్‌లు పెడతాను. మొహమాటపడొద్దని చెప్తాను. ఆ చెప్పడమే కాస్త కష్టం."

రెండు కుటుంబాలు మాత్రం, ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చింది ఓటు వెయ్యకుండా పోవడానికా అని అలిగి వెళ్లిపోయాయి. మిగిలిన ముప్పైరెండూ ఉన్నాయి. బల్లలు ఎప్పుడు కలిసిపోయాయో ఎవరూ గమనించలేదు. పరంధామయ్య గారు మాత్రం వెళ్లే ముందు మళ్లీ వచ్చి, మాస్టారి నంబరు రాయించుకుని వెళ్లారు.

ఆ తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక అబ్రహాం కుటుంబం పర్సిస్ ఇంటికి భోజనానికి వచ్చింది. పులుసు పొయ్యి మీద ఉండగానే మాస్టారి దగ్గర నుంచి మెసేజ్‌లు రావడం మొదలైంది. మొత్తం నలభై ఒకటి. అన్నాలు వడ్డించుకుని, ఫోన్ బల్ల మధ్యలో పెట్టుకుని ఒక్కొక్కటే విన్నారు. వీధి దీపాలు కావాలని ఒకాయన అన్నాడు. తన కొడుక్కి అమెరికాలో ఉద్యోగం వేయించమని ఇంకొకాయన అన్నాడు. మిషన్ ఇచ్చిన పరంధామయ్య గారు చల్లగా ఉండాలనీ, సూదులు దొరకడం లేదనీ ఒక ముసలమ్మ చెప్పింది. "ఈ మెసేజ్ ఆయనకి వెంటనే పంపించు తల్లీ," అని అబ్రహాం నవ్వారు. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది.

"నమస్తే అండి. నేను ఇంటర్ సెకండియరండి. రేవులో పంటు కోసం గంట, గంటన్నర కూర్చోవాలండి. అక్కడ ఆడవాళ్లకి బాత్రూం లేదండి. అందుకని మేం పొద్దున్న లేచిన కాడినుంచీ నీళ్లు తాగమండి. ఇంటికొచ్చాకే తాగుతాం. రేవులో చేపలమ్మే అమ్మలు కూడా అంతేనండి. మీకు వీలైతే అదొకటి కట్టించండి."

"నీళ్లు తాగరా?" అంది షాలోమ్. "ఆల్ డే?"

అబ్రహాం చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"అమ్మ రేవు నుంచి ఇంటికొచ్చి, తట్ట దించగానే చెంబెడు నీళ్లు గటగటా తాగేది," అన్నారాయన. "ఒకటి కాదు, రెండు చెంబులు. నిలబడే తాగేది. నేనే ముంచి ఇచ్చేవాణ్ణి. ఎండ వల్ల అనుకునేవాణ్ణి." ఆయన ప్రభుదాస్ వైపు చూశారు. "నువ్వేమనుకునేవాడివిరా?"

"నేనూ ఎండకే అనుకున్నాను అన్నయ్యా," అన్నాడు ప్రభుదాస్. గోడ మీద పిల్లిలా ఉండే ఆ మనిషి, చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్లి అన్న భుజం పట్టుకున్నాడు.

"అరవై రెండేళ్లొచ్చాయి నాకు. ఆమె పేరు ఎంత పెద్ద అక్షరాల్లో రాయించాలా అని ఆలోచించాను గానీ," అని అబ్రహాం ఆగిపోయారు. ఆయన కళ్ల నుంచి నీళ్లు కంచంలో పడుతున్నాయి.

పర్సిస్ కూడా ఏడుస్తోంది. ఆర్చ్ ఓడిపోయిందని గానీ తను గెలిచిందని గానీ ఆమెకి అనిపించలేదు. ఆ పిల్ల ఇంత మాట చెప్పడానికి ఎంత సిగ్గు చంపుకుందోనని మాత్రం అనిపించింది.

"బావగారూ, గ్రూప్‌లో మొదట ఇదే పెడతాను. అందరూ వినాలి," అంది.

"పెట్టమ్మా. కట్టేటప్పుడు నేను వెళ్లి దగ్గరుండి చూస్తాను. నీళ్లు, కరెంటు, రోజూ కడిగే మనిషి, అన్నీ కుదిరాకే వస్తాను."

నవోమి ముక్కు చీదుకుని, ఏడుపులోనే నవ్వింది. "అయితే అత్తయ్య పేరు దానికి పెడతారేమిటండీ, బాత్రూముకి?"

అబ్రహాం కూడా నవ్వారు. ఎడంచేత్తో కళ్లు తుడుచుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా మింగారు.

"పేరెందుకు నవోమీ," అన్నారు. "పిల్లలు నీళ్లు తాగుతారు. చాలు."