చుక్క ఎవరి ఇంటి మీద

డాక్టర్ ఇందుమతి మూడు వందల నలభై మందిని ఊరు దాటించింది. ఎవరినీ చెయ్యి పట్టి లాగలేదు, ఎవరినీ తిట్టలేదు. కార్పొరేషన్ మీటింగులో ఒక మాట అంది. దానికన్నా ముందు చెప్పాల్సిన ఇంకో మాట చెప్పకుండా ఊరుకుంది. ఆ రెండూ చాలాయి.

జరిగింది రేవుపట్నంలో. ఇరవై ఏళ్ల కిందట సముద్రం ఒడ్డున లేచిన ఊరది. ఒక పక్క నలభై అంతస్తుల టవర్లు, ఇంకో పక్క ఆ టవర్లు కడుతున్నవాళ్ల రేకుల షెడ్లు. షెడ్లలో ఉండేది ఒడిశాలోని గంజాం నుంచీ బీహార్ నుంచీ బెంగాల్ నుంచీ వచ్చిన కూలీలు. ఆ ఏడు వానలు మొదలవుతూనే కణుపు జ్వరం వచ్చింది. కొత్త వైరస్. దోమ కుట్టిన వారానికి ఒళ్లు కాలిపోతుంది. మూడో రోజుకి వేళ్ల కణుపులూ బిగుసుకుంటాయి. కొందరికి నెలలో వదులుతాయి, కొందరికి వదలవు.

దోమల మీద పాతికేళ్లుగా పనిచేస్తున్న ఇందుమతి దగ్గర అప్పటికే ఒక యంత్రం సిద్ధంగా ఉంది. జనం దాన్ని దోమపెట్టె అనేవాళ్లు. టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది, వీధి దీపం స్తంభానికి తగిలిస్తారు. మన ఊపిరిలో ఉండే కార్బన్ డయాక్సైడ్‌నీ, చెమట వాసననీ కొంచెం కొంచెంగా వదులుతూ ఉంటుంది. మనిషే అనుకుని దోమ వస్తుంది. చిన్న ఫ్యాను దాన్ని లోపలికి లాగేస్తుంది. లోపలి చిప్ దాన్ని నలిపి రెండు సంగతులు చదువుతుంది. దాని ఒంట్లో వైరస్ ఉందా? దాని పొట్టలో ఉన్న రక్తం ఎవరిది? వైరస్ ఉంటే, రక్తంలోని డిఎన్‌ఏని ఊరి హెల్త్ రిజిస్టర్‌తో పోల్చి, నలభై నిమిషాల్లో కార్పొరేషన్ మ్యాపు మీద ఎర్రచుక్క పెడుతుంది.

ఆ చుక్క దోమ దొరికిన చోట పడదు. రక్తం ఎవరిదో వాళ్ల ఇంటి మీద పడుతుంది. రోగి ఇంటికి డాక్టరు తొందరగా వెళ్లాలన్న ఉద్దేశంతో ఇందుమతే అలా రాయించింది. అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు.

పెట్టె సరిగ్గా పట్టుకుంటోందో లేదో తెలియాలంటే మనిషితో పోల్చి చూడాలి. దానికి పాత పద్ధతి ఒకటుంది. పొద్దు వాలే వేళ ఒక మనిషి మోకాళ్ల దాకా బట్ట పైకి మడిచి కూర్చోవాలి. కాలి మీద దోమ వాలగానే, కుట్టేలోపల గాజు గొట్టం పెట్టి నోటితో పీల్చాలి. గొట్టం మధ్యలో వల ఉంటుంది కాబట్టి దోమ నోట్లోకి రాదు. ఈ పనికి ఇందుమతి షెడ్లలోంచి ఇరవై ఇద్దరిని పెట్టుకుంది. టవర్ల కింద, కారు పార్కింగుల్లో, లిఫ్టు గుంటల పక్కన వాళ్లని రోజూ రెండేసి గంటలు కూర్చోబెట్టింది. వాననీళ్లు నిలిచేది అక్కడే మరి.

వాళ్లలో చురుకైనది సుకాంతి. గంజాం మనిషి. పగలు టవర్ల పునాదుల్లో కడ్డీలకి తీగ కట్టేది, సాయంత్రం దోమలు పట్టేది. తెలుగు ఇక్కడి మేస్త్రీల దగ్గర నేర్చుకుంది.

"కుట్టకముందే పట్టాలి సుకాంతీ."

"ఏటి మేడం, దోమ నన్నడిగి కుడతాదా? పదొస్తే ఎనిమిది పడతాను. రెండు కుట్టేస్తాయి."

"నీ కాళ్లంటే వాటికెంత ఇష్టమో! నాకు ఒక్కటీ వాలదు."

"మీ కాళ్లు కారు దిగవు కదా మేడం," అని సుకాంతి నవ్వింది. ఇందుమతి కూడా నవ్వింది.

జూలై నాటికి మ్యాపు మీద షెడ్లున్న మూల ఎర్రగా అలికినట్టు అయింది. టవర్ల మీద ఒక్క చుక్క లేదు. కారణం ఇందుమతికి తెలుసు. వర్క్ పాస్ కావాలంటే కూలీలు రిజిస్టర్లో డిఎన్‌ఏ ఇచ్చి తీరాలి. ఫ్లాట్లవాళ్లు ఇష్టమైతే ఇవ్వొచ్చు. ఎవరికీ ఇష్టం కాలేదు. వాళ్ల రక్తం దొరికితే పెట్టె 'తెలియదు' అని రాసుకుని, చుక్క పెట్టకుండా వదిలేస్తుంది. పైగా వాచ్‌మన్లు, తోటమాలులు, దోమలు పట్టే ఆ ఇరవై ఇద్దరు, ఇలా సాయంత్రం ఆరుబయట ఉండేవాళ్లంతా షెడ్ల మనుషులే. టవర్ కింద పుట్టిన దోమ టవర్ కిందే వాళ్లని కుట్టేది. చుక్క మాత్రం షెడ్డు మీద పడేది.

మ్యాపు టీవీవాళ్లకి చేరింది. వారం రోజులు అదే చర్చ. టవర్ల నివాసుల సంఘం అధ్యక్షుడు విశ్వమోహన్ మెత్తగా మాట్లాడే మనిషి.

"మేం ఎవరికీ వ్యతిరేకం కాదండీ," అన్నాడు టీవీలో. "ఎక్కడివాళ్లో, ఏం రోగాలు తెస్తున్నారో చూసి రానివ్వాలంటున్నాం. అది తప్పా?"

"మీ టవరు కట్టినప్పుడు చూడలేదేం మరి?" అన్నాడు ఎదుటి కుర్చీలోని యూనియన్ నాయకుడు.

"అప్పుడు దోమపెట్టె లేదు కదండీ," అన్నాడు విశ్వమోహన్.

ఆ రాత్రి షెడ్ల మీద రాళ్లు పడ్డాయి. మర్నాడు కార్పొరేషన్‌లో అత్యవసర మీటింగు. కమిషనర్ వాచీ చూసుకుంటూ అడిగాడు. "డాక్టరుగారూ, ఒక్క ముక్కలో చెప్పండి. దీనికి మూలం షెడ్లేనా?"

చుక్కలు ఎలా పడతాయో విడమరిచి చెప్పాలంటే పది నిమిషాలు పడుతుంది. చెబితే, పెట్టెలో లోపముందని నలుగురి ముందూ ఒప్పుకున్నట్టవుతుంది. అజెండాలో తరవాతి అంశం ఇంకో రెండు వేల పెట్టెలకి అనుమతి. ఇందుమతి ముందున్న కాగితాలు సర్దుకుంది.

"డేటా అటే చూపిస్తోందండి," అంది.

నాలుగో రోజున బస్సులొచ్చాయి. షెడ్లు ఖాళీ చేయించి, అందరినీ స్టేషన్‌కి తీసుకెళ్లి రైలెక్కించారు. పలాస దాటాక సుకాంతి ఫోన్ చేసింది.

"మేడం, ఒళ్లు కాలిపోతంది. వేళ్లు ముడుసుకోట్లేదు."

"నీళ్లు బాగా తాగు. పారాసిటమాల్ తప్ప ఇంకేం వేసుకోకు."

"అది కాదు మేడం. ఈ రైలుపెట్టెలోవోళ్లు మమ్మల్ని బాత్రూమ్ కాడికి తోసీసినారు. మేం మీ పని మీద అక్కడ కూసున్నామని టీవీలో సెప్పండి. మీరు సెప్తే ఇంటారు."

"చెప్తాను," అంది ఇందుమతి.

చెప్పడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అది కూడా మనస్సాక్షి కుదిపితే చెప్పింది కాదు. షెడ్లు ఖాళీ అయ్యాక ఆరుబయట కుట్టించుకునేవాళ్లు లేకుండా పోయారు. దోమలు లిఫ్టుల్లో పైకెళ్లాయి. పదో రోజుకి టవర్ల ముందు అంబులెన్సులు వరసగా నిలబడ్డాయి. టీవీవాళ్లు ఈసారి పెట్టె పనితీరు గురించి అడగడం మొదలుపెట్టారు. అప్పుడు గానీ ఇందుమతి ఫ్రీజర్‌లో దాచిన పాత శాంపిళ్లు తీసి ఒక్కొక్కటీ చూడలేదు.

వైరస్ ఉన్న మొట్టమొదటి దోమ మే ఇరవై ఎనిమిదిన దొరికింది. రెండో టవర్ లిఫ్టు గుంటలో. షెడ్లలో మొదటి జ్వరానికి మూడు వారాల ముందు. దాని పొట్టలో రక్తం ఎవరిదంటే, 'తెలియదు'.

ఆమె అంతా రిపోర్టులో రాసి బయటపెట్టింది. టీవీలో అది అడుగున పాకే అక్షరాలుగా రెండుసార్లు వచ్చి పోయింది.

మర్నాడు ఉదయం విశ్వమోహన్ ల్యాబ్‌కి వచ్చాడు. మాస్కు తియ్యకుండానే కూర్చున్నాడు.

"రిజిస్టర్లో లేని మనిషినైనా మీ పెట్టె పట్టేస్తుందటగా?"

"బంధువులెవరైనా ఏ ఊరి రిజిస్టర్లో ఉన్నా చాలండి. మేనత్త కొడుకున్నా సరే, అక్కడినుంచి లాగి ఇల్లు చెబుతుంది. ఒక బటన్ నొక్కాలి. దాని తాళం నా ఒక్కదాని దగ్గరే ఉంది."

"మా కోడలు మే నెలలో ఫ్రెండ్స్‌తో కలిసి ఏదో దీవి చూసొచ్చింది. వచ్చాక రెండ్రోజులు జ్వరం. టూరు బడలికే అనుకున్నాం." గొంతు తగ్గించాడు. "ఆ అమ్మాయేనా?"

"నేను చూడలేదండి."

"చూడకండి మేడం. తెలిస్తే ఇంటి మీద రాళ్లేస్తారు."

"తెలుసండి. షెడ్ల మీద వేశారుగా."

ఆయన వెళ్లాక ఇందుమతి స్క్రీన్ ముందు చాలాసేపు కూర్చుంది. ఆ పేరు తెలుసుకోవాలని తనకి ఎంతుందో చూసుకుని ఆమెకే భయమేసింది. తెలిస్తే తప్పంతా ఆ ఇంట్లో దింపేసి చేతులు దులుపుకోవచ్చు. కంప్యూటర్ ఆపేసి ఇంటికెళ్లిపోయింది.

దసరా వెళ్లాక సుకాంతి ల్యాబ్‌కి వచ్చింది. సొంత ఊళ్లోకి రానివ్వలేదట. ఇరవై రోజులు ఊరవతల బడి వరండాలో పడుకుని, తరవాత చుట్టాల ఊరు చేరింది. కుడిచేతి రెండు వేళ్లు కొయ్యల్లా చాచుకుని ఉన్నాయి. తీగ కట్టే పని ఇక లేదు.

"మాది కాదని రాసినారంట కదా మేడం. ఆ కాయితం మా పంచాయితీలో సూపించినాను. మీది కాపోతే మరెవరిది? పేరేది? అన్నారు. కాదు అన్న కాయితం ఎవుడు నమ్ముతాడు? పలానోళ్లది అని రాస్తేనే నమ్ముతారు. రాయండి."

"పేరు నేను చూడలేదు సుకాంతీ."

"సూడండి. మిషనుంది కదా."

"చూడను. ఆ తాళం నేను తియ్యను. చూసి రాస్తే ఆ ఇంటిల్లిపాదికీ నీకు జరిగిందే జరుగుతుంది."

సుకాంతి ఆమెను ఎగాదిగా చూసింది. "మాది సూసినారు మరి. ఊరందరికీ సూపించినారు. మేడ మీదోళ్ల వంతొచ్చేసరికి తాళం గుర్తొచ్చిందేటి?"

ఏం చెప్పినా అది సుకాంతి వేళ్లకి సమాధానం కాదు. ఇందుమతి లెటర్‌హెడ్ తీసుకుని పెన్నుతోనే రాసింది. రాసింది పైకి చదివి వినిపించింది.

"సుకాంతికి ఈ జ్వరం నేనిచ్చిన పనిలో, నేను కూర్చోబెట్టిన చోట వచ్చింది. తప్పు షెడ్లవాళ్లదన్న మాట నా నోటి నుంచి వచ్చింది. అది అబద్ధమని, ఆ మాట అనడానికి ముందే నాకు తెలుసు. పేరు కావాలన్నవాళ్లు నా పేరు రాసుకోవచ్చు." కింద సంతకం పెట్టి, ల్యాబ్ ముద్ర వేసి, ఇంటి అడ్రసు కూడా రాసింది.

"మీ ఉజ్జోగం?" అంది సుకాంతి.

"ఇది బయటికెళ్తే పోతుంది."

సుకాంతి ఆ కాగితాన్ని ఎడమచేత్తో మడిచింది. దండం పెట్టలేదు. "నాకొక్కదానికేటి? అందరికీ రాయండి. ఒరియాలో కూడా," అంది.

అందరికీ రాసింది. ఉద్యోగం ఆ నెలాఖరుకి పోయింది. గంజాంలో ఆ కాగితాలు బాగానే పనిచేశాయి. జ్వరం తెచ్చింది డాక్టరే అని చేతిరాతతో, ముద్రతో సహా తేలిపోయింది కాబట్టి సుకాంతిని ఊళ్లోకి రానిచ్చారు. ఆ తరవాత ఆ చుట్టుపక్కల ఏ ఊరూ డాక్టర్లని రానివ్వలేదు. మరుసటేడు కణుపు జ్వరం అక్కడికీ వచ్చింది. మందులు పట్టుకెళ్లిన నర్సులని పొలిమేరలోనే ఆపి, ఊరివాళ్లు ఇందుమతి సంతకం చూపించారు. ఎందరికి వేళ్లు బిగుసుకుపోయాయో ఎవరూ లెక్క పెట్టలేదు.

ఇందుమతి ఇప్పుడు ఒక చిన్న కాలేజీలో జువాలజీ చెబుతోంది. వానలు పడగానే కార్పొరేషన్ నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఒక్కసారి ఆ తాళం ఇవ్వండి, ఎవరో తేలిపోతే జనం ఊరుకుంటారు అంటారు. ఒకసారి మంత్రిగారి పేషీ నుంచీ వచ్చింది. ఇవ్వను అని చెప్పి ఫోన్ పెట్టేస్తుంది. ఏడేళ్లయింది. ఆమె ఇవ్వలేదు. తనూ చూడలేదు.