నాలుగు గీతలు

కొడుకు బస్సు డిపోకు బయలుదేరేసరికి, కోడలు వెనకగదిలో అత్తగారికి ఒళ్ళు తుడిచి జడ వేస్తోంది. ముందుగదిలో మామగారు గోడకు డ్రిల్లు పెట్టారు. నలభై ఏళ్ళు ఇళ్ళకు కరెంటు వైరింగు చేసిన ఆయనను అందరూ వైర్ల మేస్త్రి అనేవారు. ఆయన పని మానేసి మూడేళ్ళయింది కాని, చేతులు మాత్రం ఇంకా మానలేదు.

పక్షవాతం తర్వాత అత్తగారికి మాట పోయింది. కదలిక ఎడమచేతికే మిగిలింది. ఏం కావాలన్నా చెంచాతో గ్లాసు మీద తట్టేవారు. కోడలిది కంప్యూటర్లో పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం. మొన్నటిదాకా ఇంటర్నెట్టు మామగారు లాగిన తీగ చివర, ముందుగది బల్ల దగ్గరే దొరికేది. కాబట్టి గ్లాసు మోగినప్పుడల్లా ఆమె పాఠం ఆపి పరుగెత్తేది. అలా ఆగిన పాఠాల వల్లే పాత ఉద్యోగం పోయింది. వైఫై పెట్టించింది అందుకే. చక్రాల కుర్చీ కిటికీ దగ్గరుంటే కిటికీ దగ్గర, వరండాలో ఉంటే వరండాలో, అత్తగారి పక్కనే కూర్చుని పాఠం చెప్పవచ్చు.

తొమ్మిదింటికి కొత్త బడివాళ్ళ ముందు నమూనా పాఠం. ఆమె భిన్నాలు మొదలుపెట్టిన రెండో నిమిషంలో తెర మీద పెద్ద టీచరు ముఖం కదలకుండా నిలిచిపోయింది; ఆపైన తెరే ఖాళీ అయింది.

కోడలు ముందుగదిలోకి వచ్చింది. వైఫై పెట్టె కనబడలేదు. దాని చోట, మూత బిగించిన ఇనప డబ్బా ఉంది.

"ఇదేంటి మామయ్యా?"

"కరెంటు వస్తువుని అలా బయట వదిలేస్తారటమ్మా? పాత మీటరు డబ్బా ఉంటే అందులో పెట్టి బిగించాను. దుమ్ము పడదు, ఎవరికీ షాకు కొట్టదు."

"నాకు కొట్టింది! ఇనుములోంచి సిగ్నల్ ఎలా వస్తుంది? పాఠం మధ్యలో తెగిపోయింది."

"నేను లాగిన తీగ ఒక్కనాడైనా తెగిందా?"

"తెగలేదు. నన్ను బల్లకి కట్టేసింది, అంతే."

"అంటే నా పనికి విలువ లేదు. గాల్లో వచ్చేదే గొప్ప!"

"గొప్పల గొడవ కాదు మామయ్యా. ఇదీ పోతే నేను బయట పని చూసుకోవాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా అత్తయ్యని ఎవరు చూస్తారు? ఆ గ్లాసు చప్పుడు మీకు వినబడుతుందా?"

మేస్త్రి డ్రిల్లు కింద పెట్టారు. డ్రిల్లు మోత ఆయన వినికిడిని ఎన్నడో తినేసింది. భార్య పిలిచిందని ఇన్నాళ్ళూ ఆయనకు తెలిసింది చప్పుడు వల్ల కాదు, కోడలు బల్ల దగ్గర నుంచి లేవడం వల్ల.

కోడలి ఫోను మోగింది. మాట్లాడి వచ్చి, "పదకొండింటికి మళ్ళీ చెప్పమన్నారు. ఇదే ఆఖరు" అంది.

ఆయన డబ్బా మూత విప్పారు. "ఇది ఎక్కడుంటే ఇల్లంతా అందుతుంది?"

"నడవలో, ఎత్తుగా. కానీ అక్కడిదాకా తీగ లాగాలి. వైఫై పెట్టెకీ తీగ కావాలి మామయ్యా."

"ఆ ముక్క ముందే చెప్పొద్దటమ్మా!"

మేస్త్రి సంచీ తీశారు. గోడ అంచునే, స్కేలు పెట్టి గీసినట్టుగా తీగ నడిచింది. పదకొండుకు ఇంకా పావుగంట ఉండగా పెట్టెలో పచ్చదీపం వెలిగింది. నడవలో స్టూలు మీద నుంచే ఆయన తెరిచిన తలుపులోంచి వెనకగదిలోకి కేకేశారు.

"సిగ్నల్ ఎన్ని గీతలొచ్చాయి?"

"నాలుగు!" అంది కోడలు.

"ఎన్నీ?"

తెర వైపు చూస్తున్న అత్తగారు చెంచా పక్కన పెట్టి, ఎడమచేయి తలుపు వైపు ఎత్తారు. నాలుగు వేళ్ళు.

జబ్బు పడ్డాక ఆమె ఆయనకు నేరుగా చెప్పిన మొదటి మాట అది. మధ్యలో కోడలు లేదు, గ్లాసూ లేదు. ఇన్నాళ్ళూ ఆయన వినబడని చప్పుడు కోసమే చెవి ఒగ్గారు, చేతి వైపు చూడలేదు. స్క్రూలన్నీ బిగించేసినా మేస్త్రి స్టూలు దిగలేదు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

"వినబడిందిలే" అన్నారు భార్యతో.