సాక్ష్యం చెప్పిన నోరు

ఇమ్మానుయేలు ఇడ్లీని చిన్న చిన్న ముక్కలుగా తుంచుకుని, పచ్చడి అంటకుండా కంచంలో ఓ పక్కకు జరుపుకున్నాడు. జయకుమారి అది చూసింది. గరిటె నిండా పండుమిరప పచ్చడి తీసి సరిగ్గా ఆ ముక్కల మీదే వేసింది.

“చాలు జయా, చాలు.”

“నిన్ననే రోట్లో తొక్కానండీ. కాయలు మంచి ఎరుపు.”

మంచం మీద కూర్చున్న అత్తగారు ఆదెమ్మ నవ్వింది. “ఏందిరా అబ్బాయ్, చిన్నప్పుడు మిరపకోతకి నా వెనకాలే వచ్చి పండుకాయలు పచ్చివే నమిలేవాడివి. ఇప్పుడు నీ నోటికేమొచ్చింది?”

“ఏం లేదమ్మా,” అని ఇమ్మానుయేలు ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు ఊరాయి. పొయ్యి మీది పాలను చూసినట్టు, జయకుమారి కదలకుండా అతన్నే చూసింది.

కారం మండుతోందని అతను చెప్పలేడు. చెబితే ఎందుకు మండుతోందో కూడా చెప్పాలి. బుగ్గల లోపల తెల్లగా పట్టేసింది. రెండు వేళ్ళ సందుకు మించి నోరు తెరుచుకోవడం లేదు. ఉతికే ప్రతి చొక్కా జేబులోనూ గుట్కా పొడి ఉంటోందని ఆమెకు తెలుసు. మిగతాది పచ్చడి వేసి తెలుసుకుంది.

కిందటి క్రిస్మస్ కూడికలో అతను మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. గుట్కానీ పేకాటనీ దేవుడు తన జీవితంలోంచి ఒక్క రాత్రిలో తీసేశాడన్నాడు. సంఘమంతా స్తోత్రం అంది. అబద్ధమాడాలని చెప్పలేదు, ఆ వారం నిజంగానే మానాడు. కానీ ఆగి చూసుకోకుండా తొందరపడి చెప్పేశాడు. ఆ సాక్ష్యంతోనే సంఘపెద్ద అయ్యాడు. కొత్త సంవత్సరం రాకముందే కోల్డ్ స్టోరేజి వెనక పేక ముందు మళ్ళీ కూర్చున్నాడు.

అక్కడితో పోయుంటే జయకుమారి ఊరుకునేదేమో. కడుపులో బిడ్డ పోయాక ఆమెకు నిద్ర పట్టేది కాదు. గోడ చూస్తూ కూర్చునేది. అన్నయ్య గుంటూరు తీసుకెళ్ళి మానసిక వైద్యుడికి చూపించాడు. మాత్రలు వేసుకున్నాక మెల్లగా అన్నం రుచి తెలియసాగింది. “నా భార్యే మాత్రల మీద బతుకుతుంటే నా సాక్ష్యానికి విలువేముంది?” అన్నాడు కొత్త సంఘపెద్ద. విశ్వాసం తక్కువైందని సంఘం ముందు ఆమెను మోకరింపజేశాడు. మర్నాడు మాత్రలు కాలవలో పోశాడు. ఆ తర్వాత ఆమెను పొద్దున్నే మంచం మీంచి లేపింది పగ ఒక్కటే. అది లేకపోతే లేవడానికి ఆమెకు కారణమే ఉండేది కాదు.

పెరట్లో చెయ్యి కడుక్కుంటూ ఇమ్మానుయేలు వెనక్కి తిరగకుండా అడిగాడు.

“జయా, మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో ఒకతను గుట్కా మానలేకపోతున్నాడంట. పేకాట కూడా. ఇట్టాంటి వాటికి డాక్టర్లుంటారా? హైదరాబాదు పోవాలంటావా?”

గుంటూరు డాక్టరు గది బయట గోడకున్న బోర్డు ఆమె కళ్ళ ముందు మెదిలింది. గుట్కా, సిగరెట్, పేకాట మానలేనివారికి మంగళవారం ప్రత్యేక వైద్యం. అక్కడ కూర్చున్నప్పుడల్లా చదివిందే.

“లేరండీ. మన రాష్ట్రంలోనే లేరంట.” తువ్వాలు అందించింది. “అయినా డాక్టరెందుకు? విశ్వాసం ఉంటే మానతాడని చెప్పండి. మీ మాటేగా.”

అతను తువ్వాలుతో ముఖం కప్పుకుని చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆ శుక్రవారం ఉపవాస కూడిక వాళ్ళింట్లోనే. ప్రార్థన ముగిసి పాస్టరుగారు బైబిలు మూస్తుండగా జయకుమారి లేచింది.

“అయ్యగారూ, మా ఆయన సాక్ష్యం విని చాన్నాళ్ళయింది. కొత్తవాళ్ళు కూడా ఉన్నారు.”

“మంచి మాట సిస్టర్. చెప్పు బ్రదర్.”

ఇమ్మానుయేలు లేచాడు. మాటలు పళ్ళ మధ్య ఇరుక్కుని వస్తున్నాయి.

“గట్టిగా చెప్పరా, వినపడట్లా,” అంది ఆదెమ్మ.

“దేవుడు నన్ను...” అని ఆగిపోయాడు.

జయకుమారి అప్పటికే కంచం తెచ్చింది. ఎర్రగా కలిపిన పెద్ద ముద్ద అతని నోటి దగ్గర పెట్టింది. “ముందు ఉపవాసం విడవండి. నోరు తెరవండి.”

“పెళ్ళినాడైనా ఇట్టా తినిపించావా సిస్టర్!” అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

“ఇంకా తెరవండి. ఇంకొంచెం.”

ముద్ద పళ్ళకు తగిలి చిట్లింది. గడ్డమంతా ఎర్రగా పూసుకుంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“పట్టదు జయా. నోరు తెరుచుకోదు.”

నవ్వులు ఆగిపోయాయి.

“నేను మానలేదయ్యగారూ. చెప్పిన సాక్ష్యం తప్పు. పేక చేతిలో ఉంటే గుట్కా కావాలి. గుట్కా నోట్లో ఉంటే పేక కావాలి. నా వల్ల కావట్లేదు.”

“ఒరేయ్, నలుగురిలో ఇవేం మాటల్రా!” ఆదెమ్మ నెత్తి కొట్టుకుంది.

“మోకరించు బ్రదర్,” అన్నాడు పాస్టరుగారు. “అందరం చేతులుంచి ప్రార్థిద్దాం.”

ఇమ్మానుయేలు వెంటనే చాప మీద మోకరించాడు. ఇన్నాళ్ళూ జయకుమారి ఎదురుచూసింది దీనికోసమే. తను మోకరించిన రోజు ఆమెకు చాప తప్ప మరేమీ కనిపించలేదు. ఇప్పుడు పైనుంచి చూస్తే, వంగిన మెడ పిల్లవాడి మెడలా ఉంది. ఇతను ఇక్కణ్ణుంచి లేచి రేపు మళ్ళీ దాచుకుంటాడు. ఆ నోట్లో జబ్బు పెరుగుతుంటే తను ఇన్ని నెలలు కాపలా కాసింది.

“లేవండి,” అంది. “ప్రార్థన చెయ్యండి అయ్యగారూ, నేనూ చేస్తాను. ఆయన్ని మోకరించమనొద్దు. గుంటూరులో దీనికి డాక్టరున్నాడు. నాకు ముందునుంచీ తెలుసు.”

ఇమ్మానుయేలు తలెత్తాడు. “లేరన్నావుగా?”

“చెప్పబుద్ధి కాలేదు. మీరు మండాలనుకున్నాను.”

పాస్టరుగారు ఇబ్బందిగా కదిలాడు. “డాక్టరు దగ్గరికి పోవద్దని నేనెప్పుడన్నానమ్మా?”

“నన్ను మోకరింపజేసిన రోజు, పొమ్మని కూడా అనలేదండీ.”

ఆయన బైబిలు చంకలో పెట్టుకుని లేచాడు.

మంగళవారం గుంటూరు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. రోడ్డుకి అటూ ఇటూ కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చిలకలూరిపేట దాటాక ఆమె నోరు విప్పింది.

“క్షమించాననుకోకండి.”

“అనుకోవట్లేదు.”

గుంటూరులో వాళ్ళు గదిలోకి అడుగుపెట్టగానే డాక్టరు తలెత్తి చూశాడు. “పేషెంటు ఎవరు?”

అతని సంగతులన్నీ తనే చెప్పి సిగ్గుపడేలా చేయాలని జయకుమారి దారంతా మాటలు కూర్చుకుంది. అవి బయటికి వచ్చేలోపే ఇమ్మానుయేలు ముందుకు వచ్చాడు.

“నేనేనండీ. గుట్కా, పేకాట. కానీ ముందు ఈమెను చూడండి. మీరిచ్చిన మాత్రలు నేను కాలవలో పోశాను. అప్పట్నుంచి ఈమెకు నిద్ర లేదు. నాకు తెలుసు. తెలిసే పక్కన పడుకున్నాను.”

కూర్చుకున్న మాటలన్నీ జయకుమారికి పనికిరాకుండా పోయాయి. ఏడుపు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

“కాదు డాక్టరుగారూ. ముందు ఆయన నోరు చూడండి. నేను బాగానే...”

“బాగా లేదండీ,” అన్నాడు ఇమ్మానుయేలు.

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“రెండు కుర్చీలున్నాయి కదమ్మా,” అన్నాడు. “ఇద్దరూ కూర్చోండి.”